ఏడాది ఫొటో సరే, పదేళ్ల ఫొటో ఎక్కడ?

సంపాదకుల గారికి నమస్కారం.

మీ ఆదివారం ఆరోగ్య పేజీలో బరువు తగ్గించే ఆపరేషన్ల మీద వ్యాసం వచ్చింది, దాని కిందే ఒక ఆసుపత్రి ప్రకటన కూడా వేశారు. ఎడమ పక్క లావుగా ఉన్న మనిషి, కుడి పక్క అదే మనిషి సన్నగా, మధ్యలో 'ఒక్క ఏడాదిలోనే' అని పెద్ద అక్షరాలు. వ్యాసం ఎంతమంది చదివారో తెలీదు గానీ ఆ ఫొటో మాత్రం మా తిరుపతిలో చాలామంది చూశారు. నాకెలా తెలుసంటే నేను బైరాగిపట్టెడ దగ్గర మందుల షాపు నడుపుతాను, ఆ సోమవారం నుంచి కౌంటరు దగ్గర ఇదే టాపిక్. "అన్నా, ఆ ఆపరేషన్ చేయించుకుంటే నిజంగా తగ్గుతారా? మళ్లీ రాదు కదా?" అని అడిగేవాళ్లు, "లక్షలు పోసి చేయించుకుంటే గిట్టుబాటు అవుతుందా?" అని లెక్కలేసేవాళ్లు, ఒకావిడైతే ఆ పేపరు కటింగు మడిచి పర్సులో పెట్టుకొచ్చి మరీ చూపించింది.

నేను డాక్టరును కాను, ఫార్మసిస్టును. కానీ మా చెల్లెలికి ఈ ఆపరేషన్ అయింది, షాపుకు వచ్చేవాళ్లలో అయినవాళ్లు ఇంకొందరున్నారు, వాళ్ల చీటీలు ఏళ్ల తరబడి నా చేతుల మీదుగానే పోతున్నాయి. ఎవరు మందులు ఆపేశారో, ఎవరు వాడుతున్నారో, ఎవరికి ఏం ఇబ్బంది వచ్చిందో ఆపరేషన్ చేసిన డాక్టరు కంటే ముందు నాకే తెలుస్తుంటుంది, ఎందుకంటే ఆయన దగ్గరికి వీళ్లు పోవడం మానేసి చాలా కాలమైంది. అందుకే రాస్తున్నా. ఈ ఆపరేషన్ లాభమా నష్టమా అన్నది మొదటి ఏడాది తూకం చూసి తేల్చే విషయం కాదండీ. ఐదో ఏడు ఎలా ఉన్నారు, పదో ఏడు ఎలా ఉన్నారు, అది చూడాలి. అలా చూసినా కొందరికి ఇది చేయించుకోదగ్గదేనని నా నమ్మకం. ఆ కొందరెవరో ప్రకటనలో రాయరు, అదే నా గొడవ.

ముందు ఇంకో సంగతి. చాలామంది దీన్ని కొవ్వు పీల్చేసే లైపోసక్షన్ అనుకుంటున్నారు. అది వేరు, అది అందం కోసం చేసేది, షుగరుకూ బీపీకీ దాంతో పనిలేదు. మన దగ్గర ఎక్కువగా చేసే స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కోసి ముప్పాతిక వంతు పైగా తీసేస్తారు, మిగిలేది అరటిపండు అంత గొట్టం. తీసేసింది మళ్లీ పెట్టడానికి లేదు. బైపాస్ అనే రెండో రకంలో (గుండెకు చేసే బైపాస్ కాదు) అయితే పైభాగంలో ముప్పై మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి మాత్రం ఉంచి, చిన్నపేగును కింద నుంచి తెచ్చి దానికి కలుపుతారు, అంటే తిన్నది జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్నీ పేగు మొదటి భాగాన్నీ తాకకుండానే కిందికి పోతుంది. పొట్ట చిన్నదైపోయి తక్కువ తింటారు, అంతేగా అనుకుంటారు గానీ అసలు పని హార్మోన్లది. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలోనే, స్లీవ్‌లో కోసేసేది కూడా ఆ భాగాన్నే. బైపాస్ చేసినవాళ్లకైతే బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, కొన్ని రోజుల్లోనే షుగరు దిగడం మొదలవుతుంది. స్లీవ్ అయిన మా చెల్లెలి చీటీలో కూడా ఇన్సులిన్ యూనిట్లు వారం వారం తగ్గిపోవడం నేను కళ్లారా చూశాను.

"నోరు కట్టుకుంటే పోయేదానికి పొట్ట కోయించుకోవడం ఎందుకు" అనేది మన ఊళ్లో మొదటి సలహా. రెండోది "రోజూ అలిపిరి మెట్లెక్కితే చాలు". మెట్లు 3,550. నూటపది కిలోల మనిషిని, మోకాళ్లు అప్పటికే అరిగినవాణ్ణి రోజూ 3,550 మెట్లు ఎక్కమనే పెద్దమనుషులు తాము మాత్రం కింద గరుడ విగ్రహం దగ్గర దండం పెట్టుకుని బస్సెక్కుతారు. నోరు కట్టుకోవడం వల్ల ఎవరూ తగ్గరని నేననను, తగ్గుతారు. కానీ బాగా లావున్న మనిషి తిండి తగ్గించి ఇరవై కిలోలు దింపితే ఒళ్లు దాన్ని కరువొచ్చినట్టు లెక్కేసుకుని ఆకలి పెంచుతుంది, ఖర్చు చేసే శక్తిని తగ్గిస్తుంది. అందుకే అంత కష్టపడి తగ్గినవాళ్లలో ఎక్కువమంది కొన్నేళ్లకు మొదటికొస్తారు. దాన్ని పట్టుదల లేకపోవడం అనడం అన్యాయం. ఆ మాట అనేవాళ్లకు ఎప్పుడూ నలభై బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును కొలిచే లెక్క) ఉండి ఉండదు.

దీర్ఘకాలంలో ఏమవుతుందో తెలియాలంటే ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్న అధ్యయనాలు చూడాలి. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టింది ఒకటి ఉంది, ఆపరేషన్ చేయించుకున్న రెండు వేలమందినీ, అంతే లావుండి చేయించుకోని రెండు వేలమందినీ పక్కపక్కన పెట్టి దశాబ్దాలు చూశారు. 2020లో చెప్పిన ఫలితం ఏమిటంటే ఆపరేషన్ అయినవాళ్లు కానివాళ్ల కంటే సగటున మూడేళ్లు ఎక్కువ బతికారు. ప్రకటనలవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. అదే ఫలితంలో ఇంకో ముక్క ఉంది, ఆపరేషన్ అయినవాళ్లు కూడా మామూలు జనాభా కంటే ఐదున్నరేళ్లు తక్కువే బతికారు. అంటే ఆయుష్షు కొంత పెరుగుతుంది, పోయిందంతా తిరిగి రాదు. అమెరికాలో యూటా రాష్ట్రంలో బైపాస్ అయినవాళ్ల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. చావులు మొత్తం మీద 40 శాతం తగ్గాయి, షుగరు వల్ల పోయేవాళ్లయితే 92 శాతం తగ్గారు. మంచి సంగతే. కానీ అందులోనే ప్రమాదాలు, ఆత్మహత్యలు లాంటి, జబ్బుతో సంబంధం లేని చావులు 58 శాతం ఎక్కువున్నాయి. ఈ ముక్క చదివినప్పుడు నేను పేపరు పక్కన పెట్టేసి కాసేపు కూర్చున్నా. మనిషి సన్నబడగానే మనసులోవన్నీ సర్దుకుంటాయని ఎవరూ అనుకోకూడదు. తిండి ఒకటే ఓదార్పుగా బతికిన మనిషికి ఆ ఓదార్పు తీసేశాక ఏం మిగిలిందో చూసుకునేవాళ్లు ఇంట్లో ఉండాలి. ఆపరేషన్‌కు ముందు సైకాలజిస్టును కలవమని మంచి ఆసుపత్రుల్లో అంటారు, మనవాళ్లు "నాకేమైనా పిచ్చా" అని దాన్ని ఎగ్గొట్టాలని చూస్తారు.

బరువు లెక్కకొద్దాం, మోసం జరిగేది ఇక్కడే. మోసం అంటే పెద్ద మాటేమో, అంకెలన్నీ నిజమే, అర్థం చేసుకోవడంలోనే తేడా. డాక్టర్లు 'అదనపు బరువులో ఇంత శాతం తగ్గింది' అని చెప్తారు, వినేవాళ్లు 'బరువులో ఇంత శాతం' అని వింటారు. ఐదడుగుల మూడంగుళాల మనిషి నూటపది కిలోలున్నారనుకోండి. ఆ ఎత్తుకు బీఎంఐ 25 అంటే 64 కిలోలు. మిగతా 46 కిలోలు అదనం. ఫిన్లండ్‌లో స్లీవ్‌నూ బైపాస్‌నూ పోల్చి పదేళ్లు చూసి 2022లో ఫలితాలు ప్రకటించారు. పదేళ్ల తర్వాత స్లీవ్ వాళ్లకు అదనపు బరువులో 43.5 శాతం, బైపాస్ వాళ్లకు 50.7 శాతం తగ్గి ఉంది. మన నూటపది కిలోల మనిషికి ఆ లెక్క వేస్తే స్లీవ్‌తో ఇరవై కిలోలు, బైపాస్‌తో ఇరవైమూడు. పదేళ్ల తర్వాత తూకం తొంభై, ఎనభైఏడు. ఇప్పుడు చెప్పండి, ఫొటో చూసి యాభైఐదు కిలోలకు దిగుతాననుకుని వెళ్లిన మనిషికి తొంభై అంటే ఏమనిపిస్తుంది? మొదటి ఏడాది, ఏడాదిన్నరలో డెబ్బైఐదుకు వచ్చి ఉండొచ్చు, ఫొటో తీసింది అప్పుడు. తర్వాత మెల్లగా కొంత ఎక్కుతుంది, అది దాదాపు అందరికీ ఉండేదే.

అయినా ఇది వేస్టు అని నేననను. ఆ ఇరవై కిలోలు పదేళ్లపాటు దిగి ఉండటం ఏ డైటుతోనూ మామూలుగా జరిగే పని కాదు. కాకపోతే దాన్ని సన్నబడే ఆపరేషన్‌గా కొనుక్కుంటే నష్టం, జబ్బు తగ్గించే ఆపరేషన్‌గా కొనుక్కుంటే లాభం. షుగరు విషయంలోనూ 'పూర్తిగా పోతుంది' అనే మాట నమ్మొద్దు. అమెరికాలో 150 మంది షుగరు పేషెంట్ల మీద చేసిన పరీక్షలో ఐదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 6 లేదా అంతకు తక్కువకు వచ్చినవాళ్లు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులు మాత్రమే వాడినవాళ్లలో 5 శాతం. వందలో డెబ్బైమందికి పైగా ఆ గీత దాటి లోపలికి రాలేదు. కానీ ఐదుకూ ఇరవైతొమ్మిదికీ తేడా చూడండి. పైగా గీత లోపలికి రానివాళ్లలో కూడా చాలామందికి మందులు తగ్గాయి, ఇన్సులిన్ ఆగింది.

మా చెల్లెలు ఉండేది చిత్తూరులో. నలభై దాటకముందే షుగరు, ఇన్సులిన్, రాత్రి గురకపెట్టి ఊపిరి ఆగి లేచి కూర్చోవడం, దానికో మిషను. ఆమె వేరే ఊరిలో స్లీవ్ చేయించుకుంది. ఇప్పుడు ఇన్సులిన్ లేదు, ఒక మాత్రతో నడుస్తోంది, మిషను మూలన పడింది. తగ్గిన బరువులో కొంత మళ్లీ వచ్చింది, బంధువుల దృష్టిలో ఆమె ఇప్పటికీ లావే. మొన్న ఒక పెళ్లిలో పంక్తిలో కూర్చుంది, ఆకులో చెంచాడు పులిహోర, ఒక వడలో సగం, పప్పు మాత్రం కాస్త ఎక్కువ వేయించుకుని నిదానంగా నములుతోంది. పక్కన కూర్చున్న పెద్దావిడ "ఏం తల్లీ, లక్షలు పోసి కోయించుకున్నావంట, ఇంకా ఇట్లే ఉండావే?" అంది. మా చెల్లెలు ఏం తొణకలేదు. "పొద్దున్నే సూది పొడుచుకోకుండా లేస్తా ఉండా పెద్దమ్మా, అది నీకు కనపడదు" అని మళ్లీ పప్పులో చేయి పెట్టింది. ఆమెను అడిగితే వంద శాతం మంచి పని చేశానంటుంది. అదే మనిషి, అదే బరువుతో, షుగరు లేకుండా కేవలం అందం కోసం చేయించుకుని ఉంటే ఈ పాటికి ఏడుస్తూ ఉండేదని నా అంచనా.

అట్లని ఆమెకు అంతా సుఖంగా ఏమీ లేదు. స్లీవ్ తర్వాత గుండెల్లో మంట పట్టుకుంది, గ్యాస్ మాత్ర లేకుండా రోజు గడవదు. ఇందాక చెప్పిన ఫిన్లండ్ లెక్కల్లోనే ఉంది, పదేళ్లకు అన్నవాహికలో పుండు పడినవాళ్లు స్లీవ్‌లో 31 శాతం, బైపాస్‌లో 7 శాతం. అందుకే ముందునుంచే మంట, పులితేన్పులు ఎక్కువగా ఉన్నవాళ్లు స్లీవ్‌కు ఒప్పుకునే ముందు ఎండోస్కోపీ చేయించుకుని రెండో డాక్టరును అడగడం మంచిది. మూడు నాలుగు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది, తర్వాత మళ్లీ వచ్చింది, ఇది మామూలే. వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు రావొచ్చని ఆరు నెలలు మాత్ర ఇచ్చారు. చర్మం వేలాడటం గురించి ఎవరూ ముందు చెప్పరు, చేతుల కింద, పొట్ట మీద. దానికి వేరే ఆపరేషన్, ఇన్సూరెన్సు మామూలుగా రాదు.

తిండి సంగతి కొంచెం వివరంగా రాస్తా, రోజూ ఉండే బాధ అదే కాబట్టి. రోజుకు అరవై నుంచి ఎనభై గ్రాముల ప్రోటీను తినాలంటారు. మన భోజనంలో అన్నం కొండ, పప్పు చెంచా. గుడ్డుకు ఆరు గ్రాములు వస్తుంది, పొట్టలో పట్టేది పిడికెడు, ఇక లెక్కేసుకోండి. మా చెల్లెలు ముందు గుడ్డో చికెనో పప్పో తిని చివర చోటుంటే సంకటి ముద్దలో చిన్న ముక్క తుంచుకుంటుంది. నీళ్లు తిండితో పాటు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. మే నెల ఎండల్లో తిరుపతిలో ఉన్నవాళ్లకు ఇదెంత కష్టమో చెప్పక్కర్లేదు, ఒక్కసారిగా గ్లాసెడు ఎత్తి తాగే రోజులు పోయాయి, గుక్క గుక్కగా రోజంతా తాగుతూనే ఉండాలి. మనవైపు పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల మధ్య వచ్చే తమిళ నెల) నెలంతా నీసు ముట్టని ఇళ్లు చాలా ఉన్నాయి, మా ఇల్లూ అంతే. ఆ నెలలో ఈమె పనీరు, గట్టి పెరుగు, మీల్‌మేకరు, పెసలతో ఎలాగోలా నెట్టుకొస్తుంది, అయినా ఆ నెలాఖరుకు నీరసం మొహంలో తెలిసిపోతుంది. బైపాస్ అయినవాళ్లయితే లడ్డూ ప్రసాదం కూడా చిటికెడే కళ్లకద్దుకుని నోట్లో వేసుకోవాలి. ఒక లడ్డూ మొత్తం తింటే కొందరికి అరగంటలో చెమటలు, గుండెదడ, విరేచనాలు. దీన్ని డంపింగ్ అంటారు.

ఇక నా కౌంటరు దగ్గర చూసేది. విటమిన్ మాత్రలు జీవితాంతం. ఈ 'జీవితాంతం' అనే మాటను ఆపరేషన్‌కు ముందు అందరూ తలూపి వింటారు, రెండో ఏడు వచ్చేసరికి "బాగానే ఉండాం కదన్నా, ఇంకెందుకు" అని ఆపేస్తారు. బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిను, మల్టీవిటమిన్, బ్రాండును బట్టి నెలకు వెయ్యి పైనే అవుతుంది, ఏడాదికోసారి రక్త పరీక్షలు అదనం. ఐరనూ కాల్షియమూ కలిపి వేసుకుంటే ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి, మధ్యలో కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి, ఐరన్ మాత్ర వేసుకుని టీ తాగితే దండగ. కాల్షియంలో కూడా సిట్రేట్ రకం వీళ్లకు మేలు, మామూలుగా అమ్ముడయ్యే కార్బొనేట్ వంటబట్టాలంటే జీర్ణాశయంలో ఆమ్లం కావాలి, వీళ్లకు అది తక్కువ. ఈ సంగతి తెలియక ఏదో ఒక కాల్షియం ఇచ్చేసే షాపులు బోలెడు. ఒకాయన అరికాళ్లు తిమ్మిర్లని షుగరు మందు మార్పించుకుంటూ తిరిగాడు, చివరికి చూస్తే బీ12 అడుగంటింది. ఇంకొకాయన బైపాస్ అయి మూడేళ్లు దాటింది, మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ స్ట్రిప్పు అడిగాడు. ఆపరేషన్ సంగతి నాకు ముందే తెలుసు కాబట్టి ఇవ్వలేదు, బైపాస్ కుట్టు దగ్గర అల్సర్ పడుతుందని చెప్తే "ఆ డాక్టరు చెప్పలేదే" అన్నాడు. చెప్పే ఉంటారు, డిశ్చార్జి రోజు నలభై మాటల్లో ఒకటిగా. సిగరెట్టు తాగేవాళ్లకూ ఇదే ప్రమాదం. ఇక మందు తాగేవాళ్లు మరీ జాగ్రత్త, బైపాస్ తర్వాత సారా రక్తంలోకి గబుక్కున ఎక్కుతుంది, ముందు అలవాటు లేనివాళ్లు కూడా రెండో ఏడాది నుంచి తాగుడుకు బానిసలైన సంగతి అమెరికా అధ్యయనంలో తేలింది. అన్నిటికంటే అర్జెంటు ఒకటుంది. ఆపరేషన్ అయినవాళ్లకు ఏ కారణంతోనైనా రోజుల తరబడి వాంతులవుతుంటే బీ1 విటమిను పడిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, నిమ్మకాయ నీళ్లు తాగి పడుకునే విషయం కాదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి, పోయినచోట ఈ ఆపరేషన్ అయిందని మొదటి మాటగా చెప్పాలి.

ఎవరికి చేయాలన్నది ఊహించి చెప్పే విషయమేమీ కాదు. పాత లెక్క 1991 నాటిది, బీఎంఐ 40, లేదా జబ్బులుంటే 35. 2022లో ప్రపంచ సర్జన్ల సంఘాలు దాన్ని సవరించి 35 దాటితే జబ్బులు లేకున్నా చేయొచ్చనీ, మన ఆసియా వాళ్లకు పొట్ట కొవ్వు ఎక్కువ కాబట్టి 27.5 నుంచే ఈ ఆపరేషన్ అవకాశం ఇవ్వాలనీ చెప్పాయి. 27.5 అంటే ఐదడుగుల మూడంగుళాల మనిషికి డెబ్బై కిలోలు! అవకాశం ఇవ్వాలి అన్నదాన్ని చేయించుకోవాలి అన్నట్టు వాడుకుంటే తిరుపతిలో సగం వీధులు ఆపరేషన్ థియేటరు ముందు క్యూ కట్టాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన రాష్ట్రంలో ఆడవాళ్లలో 36 శాతం మంది బీఎంఐ 25 దాటినవాళ్లే. ఇన్సూరెన్సువాళ్లు మాత్రం గట్టిగానే ఉన్నారు. ఇన్సూరెన్సు కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో పెట్టిన నిబంధనల ప్రకారం వయసు 18 దాటి, బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), అదుపులో లేని షుగరు లాంటివి ఉండాలి, ముందు వేరే మార్గాలు ప్రయత్నించి విఫలమై ఉండాలి. అందుకని పాలసీ ఉంది కదా అని ముందే డేటు ఫిక్సు చేసుకోకండి, రాతపూర్వకంగా అప్రూవల్ తెచ్చుకోండి.

పర్సులో కటింగు పెట్టుకొచ్చిన ఆవిడ సంగతి చెప్తానన్నాను కదా, లేదా, చెప్పలేదా, సరే. ఆమె అడిగింది తన కోసం కాదు, కూతురి కోసం. పిల్లకు ఇరవైమూడేళ్లు, డెబ్బైఎనిమిది కిలోలు, షుగరు లేదు, బీపీ లేదు, రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. "నాయనా, మాఘమాసానికల్లా తగ్గుతుందా?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది గానీ ఆమె మీద కాదు. ఆపరేషన్ అయ్యాక ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకూడదంటారు, మన ఇళ్లల్లో పెళ్లయిన మూడో నెల నుంచే విశేషం ఏమన్నా ఉందా అని అడుగుతారు. పైగా పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉన్న పిల్లలకు బరువు తగ్గగానే గర్భం త్వరగా వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇవన్నీ చెప్పి ముందు పిల్లను ఎండోక్రైనాలజిస్టుకు, అంటే హార్మోన్ల డాక్టరుకు చూపించమన్నాను. ఆరోగ్యంగా ఉన్న పిల్ల పొట్టలో ముప్పాతిక భాగం పెళ్లివాళ్ల కోసం కోసిపారేయడం నాకు మింగుడుపడలేదు.

ఈ మధ్య అందరూ అడిగే ఇంకోటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. పరీక్షల్లో వెగోవీ మందుతో ఏడాది పైగా వాడితే బరువులో సుమారు 15 శాతం, మౌంజారో ఎక్కువ డోసుతో దాదాపు 21 శాతం తగ్గారు. ఇది మొత్తం బరువులో శాతం, అదనపు బరువులో కాదు, కాబట్టి ఆపరేషన్‌కు బాగా దగ్గరికి వచ్చేసినట్టే. కానీ ఆపేస్తే? వెగోవీ మందు ఆపినవాళ్లకు ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. అంటే ఇదీ జీవితాంతమే, నెల నెలా వేలల్లో. డబ్బు లెక్కే చూసుకుంటే కొన్నేళ్ల ఇంజెక్షన్ ఖర్చుకు ఆపరేషన్ ఖర్చు వచ్చేస్తుంది. ఇంజెక్షన్లో ఉన్న మేలు ఏంటంటే పడకపోతే ఆపొచ్చు, ఆపరేషన్‌లో కోసేశాక ఆపడానికేం లేదు. బీఎంఐ ముప్పై దగ్గర ఊగుతున్నవాళ్లు డాక్టరు సలహాతో ముందు అటు చూడటం నయమని నాకనిపిస్తుంది, నలభై దాటి షుగరు కూడా ఉన్నవాళ్లకు మాత్రం ఇప్పటికీ నా ఓటు ఆపరేషన్‌కే. ప్రాణభయం గురించి అడుగుతారు కాబట్టి అదీ చెప్తా, అమెరికాలో పెద్ద ఆసుపత్రుల లెక్క 2009లో వచ్చింది, ముప్పై రోజుల్లో చనిపోయినవాళ్లు వెయ్యికి ముగ్గురు. పెద్ద ఆపరేషన్‌కు అది తక్కువే. సున్నా మాత్రం కాదు.

మనవాళ్ల అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఇక్కడినుంచి చెన్నైకో బెంగళూరుకో వేలూరుకో పోయి చేయించుకుంటారు, మొదటి ఆరు నెలలు చెకప్‌లకు తిరుగుతారు, తర్వాత బస్సు ఖర్చు, సెలవు దొరకదు, బాగానే ఉన్నాం కదా, ఆగిపోతారు. లోకల్‌గా జ్వరానికో కడుపునొప్పికో చూపించుకునే డాక్టరుకు ఈ ఆపరేషన్ కేసులు కొత్త. కాబట్టి ఒప్పుకునే ముందు సర్జన్‌ను ఫీజు కంటే ముందు అడగాల్సింది, మీ దగ్గర ఐదేళ్ల కింద చేయించుకున్నవాళ్లలో ఇప్పటికీ ఎంతమంది మీకు టచ్‌లో ఉన్నారు, వాళ్ల బరువెంత, తిరుపతిలో నన్ను ఎవరు చూస్తారు అని. జవాబు గబగబా వస్తే మంచి చోటే. విసుక్కుంటే లేచి వచ్చేయడమే.

మీకు నా మనవి. ఆసుపత్రుల ప్రకటనలు ఆపమని అడిగే అమాయకుణ్ణి కాను, పేపరు నడవాలి. కానీ ఆరోగ్య పేజీలో వ్యాసం వేసినప్పుడు దాని కిందే అదే ఆపరేషన్ ప్రకటన పెట్టొద్దు, చదివేవాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తుంది. 'ఒక్క ఏడాదిలో' అని వేసే ప్రకటన తీసుకునేటప్పుడు అదే మనిషి ఐదేళ్ల ఫొటో కూడా ఇవ్వమని మీ ప్రకటనల విభాగంవాళ్లు అడగొచ్చు, ఇవ్వకపోతే ఎన్నో ఏడాది ఫొటోనో కిందైనా చిన్నక్షరాల్లో వేయమనొచ్చు. ఈసారి వ్యాసం రాసేటప్పుడు సర్జన్‌తో పాటు ఈ ఆపరేషన్ అయి ఎనిమిదేళ్లో పదేళ్లో గడిచినవాళ్లను ముగ్గురు నలుగురిని కలవండి. పేర్లు వేయకుండా మాట్లాడేవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు, మా చెల్లెలు కూడా సరేనంది, కాకపోతే మధ్యాహ్నం రెండు తర్వాత ఫోన్ చేయమంది, తినేటప్పుడు మాట్లాడితే ముద్ద దిగదట.

ఉత్తరం పొడుగైంది, కత్తిరించాల్సి వస్తే అలిపిరి మెట్ల ముక్క తీసేయండి, బీ1 విటమిను గురించి రాసింది మాత్రం ఉంచండి. పేరు వేయొద్దని ప్రార్థన, చిత్తూరులో అందరికీ అందరూ తెలిసినవాళ్లే.

ఇట్లు,
మందుల షాపు నడిపే ఒక పాఠకుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి